బోరింగు బాగుచేసే పని కూడా ఆడవాళ్లకే అప్పగించాలా?

బావిగట్టు:
ఇంటికి కుళాయి లేని పల్లెల్లో నీళ్లు మోసేది ఆడవాళ్లే కాబట్టి, చేతిపంపు మరమ్మతు కూడా వాళ్లకే నేర్పాలని పథకాలు నడిపేవాళ్లు చాలాకాలంగా అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2023లో చెప్పిన లెక్క చూడండి: ఇంటి ఆవరణలో నీటి వసతి లేనివాళ్లు 180 కోట్ల మంది, అలాంటి ప్రతి 10 ఇళ్లలో 7 ఇళ్లకు నీళ్లు తెచ్చే పని ఆడవాళ్లదే. మరమ్మతు నేర్పితే పంపు మూలపడే రోజులు తగ్గుతాయా, ఉన్న చాకిరీకి ఇంకో చాకిరీ తోడవుతుందా?

నా మటుకు నేర్పాలనే అంటాను. పంపు పాడవుతోందని ముందు తెలిసేది కొట్టే చేతికే. ఇండియా మార్క్ 2 రకం చేతిపంపు మంచి స్థితిలో ఉంటే, హ్యాండిల్ పూర్తిగా ఆడించి నిమిషంలో 40 సార్లు కొడితే 12 లీటర్ల దాకా రావాలి. 10 లీటర్లకు తగ్గిందంటే బోరు లోపల నీటిని పైకి తోసే సిలిండర్‌లో వాషర్లు అరిగినట్టే. 6 లీటర్లకు పడిపోయినా నీళ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. కానీ 20 లీటర్ల బిందె నింపడానికి 67 సార్లు కొట్టాల్సింది 133 సార్లు కొట్టాలి. వెనక వరుస కూడా అంతే పెరుగుతుంది.

రాడ్డూరెంచీ:
లోపం కనిపెట్టడం వేరు, విప్పి బాగుచేయడం వేరు అండీ. 30 మీటర్ల లోతున్న మార్క్ 2లో వాషర్ మార్చాలంటే మొత్తం పైకి లాగాలి. 3 మీటర్ల జీఐ పైపులు (జింకు పూత పూసిన ఇనుప పైపులు) పది, ఒక్కోటి 9 కిలోల పైనే. హ్యాండిల్‌ను అడుగున ఉన్న పిస్టన్‌తో కలిపే రాడ్లు ఇంకో 27 కిలోలు. పైపులో నిలిచిన నీళ్లు మీటరుకు లీటరు. అన్నీ కలిపి 150 కిలోలు. పైపును పట్టి ఉంచే క్లాంపు జారితే మొత్తం బోరులోకి పోతుంది, దాన్ని తీయడం మళ్లీ పెద్ద పని. పొద్దున రెండు మూడు బిందెలు మోసిన నడుముతో ఈ పని చేయమంటామా? అదీ ఉచితంగా! అదే పని చేసే మగ మెకానిక్‌ని ఉచితంగా రమ్మని ఎవరూ అనరు కదా. నాకు మండేది ఇక్కడే.

చెమ్మనేల:
ఇద్దరూ వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు. నేలపైన పని నెలకోసారి, గంటలో అయిపోతుంది: మూత తీసి గొలుసుకు గ్రీజు పెట్టడం, ఫ్లాంజి నట్లు, ఇరుసు నట్టు బిగించడం, దిమ్మె పగిలిందేమో చూడటం. పగుళ్లుంటే మురుగు తిరిగి బోరులోకే దిగుతుంది. దీనికి రెండు స్పానర్లు చాలు.

లోపలి లోపం కూడా విప్పకుండానే పసిగట్టొచ్చు. నీళ్లు వచ్చేదాకా కొట్టి అరగంట వదిలేయండి. మళ్లీ కొట్టినప్పుడు ఐదు దెబ్బలు దాటినా నీళ్లు రాకపోతే నీళ్లు కిందికి జారకుండా ఆపే అడుగు వాల్వు కారుతోంది, లేదా పైపు చిల్లుపడింది. హ్యాండిల్ బరువు లేకుండా ఊగుతూ చుక్క రాకపోతే రాడ్డు విడిపోయింది. ఇదంతా ముందే చెప్పగలిగితే మెకానిక్ సరైన సామాను వెంట తెచ్చుకుంటాడు, రెండోసారి తిరగక్కర్లేదు. నా దృష్టిలో శిక్షణలో అన్నిటికన్నా విలువైన ముక్క ఇదే. దీనికి కండబలం అక్కర్లేదు.

బావిగట్టు:
రాడ్డూరెంచీ గారు, బరువు సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఆ బరువు ఆడవాళ్ల లోపం కాదు, ఆ నమూనా లోపం. మార్క్ 3లో పైపు వెడల్పు ఎక్కువ, పిస్టనూ అడుగు వాల్వూ పైపులోంచే పైకొస్తాయి. వాషర్ కోసం పైపులు కదపక్కర్లేదు.

రాడ్డూరెంచీ:
పైపు బాగున్నంతవరకే. ఆ పైపులు ఇంకా బరువు. నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువై పీహెచ్ 6.5 కంటే తక్కువుంటే జీఐ పైపు తుప్పుపట్టి చిల్లులు పడుతుంది, నీళ్లు ఎర్రబారి రుచి మారుతుంది, జనం మళ్లీ చెలమల దారి పడతారు. అలాంటి చోట ఆఫ్రిదేవ్ అనే ఇంకో రకం చేతిపంపు నయం. 45 మీటర్ల లోతు దాకా పనిచేస్తుంది, పైపు పీవీసీ, రాడ్లకు కొక్కేలు, వాటిని చేత్తోనే విడదీయొచ్చు. అది పెడితే లోపలి పని కూడా ఆడవాళ్లు చేసుకోగలరని నేనూ ఒప్పుకుంటా.

డబ్బు దగ్గర మాత్రం తగ్గను. విప్పిన ప్రతిసారీ ఇంత అని కూలి రాసి పెట్టాలి. వాషర్ల డబ్బు ఖర్చుపెట్టే అధికారం కూడా పని చేసే మనిషికే ఉండాలి. ఆమె పేరు కమిటీ కాగితం మీద ఉండి, పెట్టె తాళం ఇంకొకరి దగ్గరుంటే, ఒక్క వాషర్ కోసం వారాల తరబడి వేరే ఊరి బావికి నడవాల్సింది మళ్లీ ఆమే.

చెమ్మనేల:
తాళం మాటకు నా ఓటు కూడా. ఒకటి కలపండి: ఒక్కరికి కాదు, కనీసం ముగ్గురికి నేర్పాలి. కాన్పుకో, వలసకో ఒకరు ఊరు దాటితే పంపు ఆగిపోకూడదు.