నంది కొండల దగ్గర మ్యాప్ రీడింగ్ అభ్యాసం: జీపీఎస్ పాయింట్లన్నీ ఆగ్నేయానికే జరుగుతున్నాయి

యలహంక_మ్యాప్:
బెంగళూరు ఎన్‌సీసీ సీనియర్ డివిజన్ క్యాడెట్లకు నంది కొండల కింది పొలాల్లో ఒక రోజు నావిగేషన్ అభ్యాసం పెట్టాలి. చేతిలో ఉన్న సరంజామా: చేతి జీపీఎస్ సెట్లు (ఈట్రెక్స్ 10 ఆరు, ఈట్రెక్స్ 30 రెండు), లిక్విడ్ ప్రిస్మాటిక్ కంపాస్‌లు, 1:50,000 స్కేలులో 57 జి/11 నంబరు పాత టోపోషీట్ (భూస్వరూపం చూపే మ్యాపు). షీటు మీద అక్షాంశ రేఖాంశాలు కొలిచి సెట్‌లో కొడితే పాయింటు దాదాపు 200 మీటర్లు ఆగ్నేయంగా పడుతోంది. ఆకాశం తెరిపిగానే ఉంది, స్క్రీన్ మీద ±4 మీటర్లనే ఉంది, ఎనిమిది సెట్లదీ ఒకటే మాట. ఇంకొకటి: జీపీఎస్ చూపిన బేరింగ్‌ని (ఉత్తరం నుంచి కొలిచే దిశ కోణం) కంపాస్‌లో పెట్టి నడిస్తే కిలోమీటరున్నరకి 40, 50 మీటర్లు ఎడమకి తేలుతున్నారు. సెట్టింగ్స్ ఎలా ఉండాలి? అసలు జీపీఎస్ ఎప్పుడు చేతికివ్వాలి?

గ్రిడ్_ఉత్తరం:
సిగ్నల్ తప్పయితే ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది. ఎనిమిదీ ఒకే వైపు, ఒకే దూరం తప్పుతున్నాయంటే అది డేటమ్ (అక్షాంశ రేఖాంశాలకి ఆధారమైన భూమి కొలతలు) తేడానే. పాత టోపోషీట్లు 1830 నాటి ఎవరెస్ట్ కొలతల మీద గీసినవి. సెట్ పెట్టెలోంచి తీసేటప్పటికే జీపీఎస్ సొంత డేటమ్ డబ్ల్యూజీఎస్ 84లో ఉంటుంది. బెంగళూరు దగ్గర ఈ రెంటికీ తేడా ఉత్తర దక్షిణాలుగా 150, తూర్పు పడమరలుగా 130 మీటర్ల దరిదాపు. కర్ణం లెక్కేసుకోండి, మీ 200 అదే.

సెటప్‌లో పొజిషన్ ఫార్మాట్ కింద మ్యాప్ డేటమ్ ఉంటుంది. ఆ జాబితాలో 'ఇండియన్ బంగ్లాదేశ్' అన్నది పెట్టండి. పేరు చూసి వదిలేయకండి, భారత్, నేపాల్ కూడా దాని కిందికే వస్తాయి. పెట్టాక షీటు మీద స్పష్టంగా ఉన్న ఒక కల్వర్టు దగ్గర నిలబడి సరిచూడండి.

నన్నడిగితే ఆ షీటు పక్కన పడేసి, సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ మ్యాప్ తీసుకోండి. 2005 జాతీయ మ్యాప్ విధానంతో వచ్చిన సిరీస్ అది. డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం గ్రిడ్ (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో లెక్కించే గడులు) కాబట్టి జీపీఎస్‌తో నేరుగా కలుస్తుంది. (సైన్యం వాడే డిఫెన్స్ సిరీస్ వేరు, దాని ప్రొజెక్షన్ కూడా వేరు.) అప్పుడు ఫార్మాట్ యూటీఎం, డేటమ్ డబ్ల్యూజీఎస్ 84. క్యాడెట్లు తడబడేది ఇక్కడే. స్క్రీన్ మీద ఇలా ఉందనుకోండి:

43పీ 0790264
1479687

43పీ జోను పేరు. ఈస్టింగ్‌లో (పై వరుస, తూర్పు వైపు కొలత) చివరి రెండంకెలు వదిలేసి, వాటి ముందు మూడు తీసుకుంటే 902. నార్తింగ్‌లో (కింది వరుస, ఉత్తరం వైపు కొలత) అలాగే 796. ఆరంకెల గ్రిడ్ రిఫరెన్స్ 902796. వదిలేయాలి, దగ్గరి అంకెకి పెంచకూడదు. లెక్కల అలవాటు కొద్దీ 264ని 3 చేసి, 687ని 7 చేసి 903797 అని రాస్తే ఈశాన్యంలో ఉన్న 100 మీటర్ల పక్క గడిలోకి పోయినట్టే.

ఎడమకి తేలడం వేరే జబ్బు. హెడింగ్ సెటప్‌లో నార్త్ రిఫరెన్స్ ఏముందో చూడండి. ఇక్కడ అయస్కాంత ఉత్తరం నిజ ఉత్తరానికి సుమారు ఒకటిన్నర డిగ్రీ పడమరగా ఉంటుంది. గ్రిడ్ ఉత్తరమేమో (మ్యాపు మీద నిలువు గడి గీతలు చూపేది) నంది దగ్గర నిజ ఉత్తరానికి 0.6 డిగ్రీ తూర్పుగా ఉంటుంది, ఎందుకంటే 43వ జోన్ మధ్యరేఖ 75 డిగ్రీల దగ్గరుంది. రెండూ కలిస్తే 2 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి కిలోమీటరుకు 17 మీటర్ల పైచిలుకు చొప్పున మీ 50 మీటర్లు అక్కడే తేలాయి. కంపాస్‌తో నడిచే రోజు సెట్‌ని మాగ్నెటిక్‌లో, ప్రొట్రాక్టర్‌తో మ్యాపు మీద పనిచేసే రోజు గ్రిడ్‌లో పెట్టండి. ట్రూ ఈ శిక్షణలో ఎందుకూ పనికిరాదు.

కోలార్ వైపు పోయే ఆలోచన ఉంటే ముందే చెబుతున్నా: 78 డిగ్రీల రేఖాంశం బెంగళూరుకీ కోలార్‌కీ మధ్యలో పడుతుంది. దాటగానే 43పీ కాస్తా 44పీ అవుతుంది, ఈస్టింగ్ 8,25,000 దగ్గర నుంచి 1,75,000కి దూకుతుంది. సెట్ పాడైందని రీసెట్ కొట్టకండి. గ్రిడ్ ఉత్తరం కూడా నిజ ఉత్తరానికి అటు వైపు మారుతుంది.

తాంబరం_ట్రాక్:
చెన్నైలో మాకు ఆ జోన్ గొడవ లేదు. ఊరంతా 44పీ, మధ్యరేఖ 81కి దగ్గర, గ్రిడ్ ఉత్తరం నిజ ఉత్తరం దాదాపు ఒకటే.

ఎప్పుడివ్వాలన్న దానికి: మొదటి విడతలో సెట్ ఆన్ చేసి, ట్రాక్ రికార్డింగ్ పెట్టి, స్క్రీన్ మీద టేపు వేసి, బ్యాగు పై జేబులో పెట్టి పంపండి. అడుగున పెడితే వీపు ఆకాశాన్ని కప్పేస్తుంది. బయల్దేరే ముందు పాత ట్రాక్ చెరిపేయాలి, రికార్డింగ్ విరామం 5 సెకన్లు చాలు. తిరిగొచ్చాక జీపీఎక్స్ ఫైలు (సెట్ రాసుకున్న ట్రాక్) తీసి, వాళ్లు మ్యాపు మీద గీసుకున్న దారి పక్కన పెట్టండి. గుర్తు పట్టని చెరువు కట్ట దగ్గర గీత ముడి పడి ఉంటుంది. వంద మాటలు చెప్పక్కర్లేదు.

రెండో విడతలో సెట్ చేతికివ్వండి, కానీ 'గో' (పాయింటుకి దారి చూపే ఆప్షన్) నొక్కనివ్వకండి. ఉన్న చోటి గ్రిడ్ చదివి, మ్యాపు మీద తామే గుర్తు పెట్టాలి. మూడో విడతలోనే 'గో'. అది తిన్నగా గీత గీస్తుంది, మధ్యలో నీళ్లు నిండిన గ్రానైట్ క్వారీ ఉందని దానికి తెలీదు. మీ వైపు అవి ఎక్కువ కాబట్టి ఈట్రెక్స్ 30లో ఒక్కో క్వారీకి ప్రాక్సిమిటీ అలారం (దగ్గరికి పోతే మోగేది) పెట్టండి. అలారాన్ని నమ్ముకుని మనిషిని కాపలా పెట్టడం మానొద్దు.

కంట్రోల్ పాయింట్లు (క్యాడెట్లు చేరుకోవాల్సిన గుర్తులు) ఒక్క రీడింగ్‌తో పాతకండి. వేపాయింట్ యావరేజింగ్ (ఒకే చోటి రీడింగ్‌ల సగటు) వాడి, కనీసం 90 నిమిషాల ఎడంతో నాలుగు నుంచి ఎనిమిది సార్లు కొలవండి. బండరాయి మొదట్లో పాతితే సిగ్నల్ రాతికి తగిలి మళ్లొస్తుంది, అక్కడ ±4 అన్న అంకెకి విలువ లేదు. అది సెట్ వేసుకున్న అంచనా, హామీ కాదు.

రెండు_ఏఏ:
చిన్న విషయాలే, రోజు పాడుచేసేవి ఇవే.

ఈట్రెక్స్ 10లో ఎలక్ట్రానిక్ కంపాస్ లేదు. నిలబడి ఉంటే బాణం ఎటు చూపినా అర్థం లేదు, పది పదిహేను అడుగులు నడిస్తేనే సరైన దిశ వస్తుంది. ఈట్రెక్స్ 30లో ఉంది, కానీ బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ కాలిబ్రేట్ చేయాలి. ప్రిస్మాటిక్ కంపాస్ చూసేటప్పుడు జీపీఎస్, ఫోను ఒక మీటరు దూరంలో ఉండాలి. మెళ్లో రెండూ వేలాడేసుకుని బేరింగ్ తీసే క్యాడెట్‌ని వెంటనే ఆపండి.

రీఛార్జబుల్ సెల్స్ వేసి మెనూలో ఆల్కలైన్ అని వదిలేస్తే మీటరు అబద్ధం చెబుతుంది. నెలల తరబడి బీరువాలో ఉన్న సెట్లని ముందు రోజు తెరిపిలో 15 నిమిషాలు ఉంచండి. అల్మనాక్ (ఉపగ్రహాల కక్ష్యల పట్టిక) పూర్తిగా దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. మెనూలో వాస్/ఎగ్నోస్ ఆన్ చేస్తే జీపీఎస్ తప్పుని సరిదిద్దే మన గగన్ ఉపగ్రహ సిగ్నల్ దొరుకుతుంది, శాటిలైట్ పేజీలో 40, 41 అంకెలు కనిపిస్తే అదే.

యలహంక_మ్యాప్:
చాలా థ్యాంక్సండీ. డేటమ్ మార్చి చూస్తే కల్వర్టు మీదే పడుతోంది. ఓపెన్ సిరీస్ పీడీఎఫ్ ప్రింట్ తీశాం, రోమర్ (గడిలో భాగాలు కొలిచే స్కేలు) గడిలో సరిగ్గా కూర్చోవట్లేదు. ఈ సెట్లలో నావిక్ (మన దేశపు ఉపగ్రహ నావిగేషన్) వస్తుందా?

గ్రిడ్_ఉత్తరం:
రాదు. నావిక్ మొదటి ఉపగ్రహాలు ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే పంపుతాయి, ఇలాంటి సెట్లు అందుకునే ఎల్1 బ్యాండ్ 2023లో ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో మొదలైంది. మీ సెట్లు వాటికి ముందు తరానివి.

ప్రింటు సంగతి: 'ఫిట్ టు పేజ్' టిక్ తీసేసి అసలు సైజులో వేయించండి. 1:50,000లో కిలోమీటరు గడి పక్క సరిగ్గా 2 సెంటీమీటర్లుండాలి. జెరాక్స్ షాపులోనే పది గడులు కలిపి స్కేలు పెట్టండి, 20 సెంటీమీటర్లు రాకపోతే డబ్బులివ్వకుండా మళ్లీ వేయించండి.