తుజియా వాళ్ల ఏడుపు పెళ్లి, ముందే వచ్చే సంవత్సరాది: చూసినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు:
వచ్చే నెల చైనాలో ఝాంగ్‌జియాజియే వెళ్తున్నాం, కొండలతో పాటు అక్కడి తుజియా అనే తెగవాళ్ల ఊళ్లు కూడా చూడాలని ఉంది. పెళ్లికూతురు రోజుల తరబడి ఏడుస్తుందంట నిజమేనా? చైనా సంవత్సరాదిని మిగతావాళ్లకన్నా ఒకరోజు ముందే ఎందుకు చేస్తారు? వాళ్ల నేత దుప్పటి ఒకటి కొనాలి. శాకాహారం దొరుకుతుందా?

హుబే_ఎంబీబీఎస్:
నేను తుజియా వాళ్లుండే ఎన్షీలో ఐదేళ్లు చదివా. ఏడుపు నిజమే. మా మెస్ వంటావిడ తుజియా, వాళ్లమ్మ తన పెళ్లికి నెల ముందు నుంచే రోజూ రాత్రి ఏడుస్తూ పాడిందంట, అమ్మ, పిన్నులు, స్నేహితురాళ్లు కూర్చుని బదులు పాడతారు. బాగా ఏడవడం రాకపోతే ఊళ్లో చిన్నచూపు. ఇప్పుడు మారుమూల ఊళ్లలో తప్ప తక్కువే.

రైల్వేకాలనీ:
నేను టికెట్ కొని షో చూశా. స్టేజి మీద అమ్మాయి ఏడుస్తుంటే జనం సెల్ఫీలు దిగుతున్నారు. నేర్చుకుని ఏడ్చేది ఏడుపెలా అవుద్ది, ఉత్త నటన.

అమలాపురం_అక్క:
తమ్ముడూ, షో చూసి ఆచారాన్ని తిట్టకు. మా అమ్మమ్మ అప్పగింతల పాట ఎత్తుకుంటే పందిరంతా కళ్లు తుడుచుకునేది, ఆవిడా నేర్చుకునే పాడింది మరి, అది అబద్ధమా? తుజియా ఏడుపు పాటల్లో పెళ్లికూతురు సంబంధం తెచ్చిన మధ్యవర్తిని నోరారా తిడుతుంది. అడక్కుండా పెళ్లి కుదిర్చేసిన పిల్లకి నోరు విప్పే హక్కు ఆ నాలుగు రోజులే. నాకు ఆ నాలుగు రోజులు కూడా దొరకలేదు.

రైల్వేకాలనీ:
నేనన్నది షో గురించి అక్కా, మీ అమ్మమ్మని కాదు. మాటలు మార్చొద్దు.

అమలాపురం_అక్క:
"ఉత్త నటన" అన్నది నువ్వే, పైన అలాగే ఉంది చదువుకో.

మగ్గంగుంట:
దుప్పటి సంగతి నేను చెప్తా, ముప్పై ఏళ్లు మగ్గం మీద ఉన్నోణ్ణి. దాన్ని సీలాన్‌కాపు అంటారు, సీలాన్ అంటే దుప్పటి, కాపు అంటే పువ్వు. పడుగు, అంటే నిలువు దారం, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకటే పోద్ది, రంగు పేక, అంటే అడ్డ దారం, మాత్రం పువ్వు ఉన్నంత మేరకే చేత్తో ఎక్కిస్తారు, మన జాందానీ నేసేవాళ్లకి ఈ కష్టం తెలుసు. వీళ్లు ఇంకో మెట్టు పైన, తిరగేసి నేస్తారు, నేసే మనిషికి కనపడేది వెనకవైపే, పువ్వు కింద ఉంటది. లెక్క బుర్రలో ఉండాల. కొనేముందు తిప్పి చూడండి, చేత్తో నేసిందైతే వెనక దారం కొసలు కనపడాల.

చరిత్ర_పిచ్చి:
సంవత్సరాది కథ: మింగ్ రాజుల కాలంలో సముద్రపు దొంగల మీద యుద్ధానికి పిలుపొస్తే తుజియా సైనికులు పండగ ఒకరోజు ముందే చేసుకుని బయల్దేరారని చెప్పుకుంటారు. వాళ్ల సైన్యం 1555లో నిజంగానే ఆ దొంగల్ని ఓడించింది. వాళ్ల నాయకుల కోట లావోసీచెంగ్ 2015లో యునెస్కో జాబితాలోకెక్కింది, స్టేజి షోలు మానేసి అది చూడండి.

హుబే_ఎంబీబీఎస్:
నేను మర్చిపోలేనిది చావు దగ్గర డాన్స్. చాంగ్‌యాంగ్ వైపు పెద్దవాళ్లు పోతే శవపేటిక ముందు డోలు కొట్టి రాత్రంతా ఆడతారు, సాయెర్‌హే అంటారు. నిండుగా బతికి వెళ్లిన మనిషిని ఏడుస్తూ పంపకూడదంట.

నల్గొండ_డప్పు:
మా నాయిన పోయినప్పుడు డప్పు పెట్టిస్తే అపార్ట్‌మెంటోళ్లు గోల అని ఆపించిన్రు. ఆయన జీవితమంతా డప్పు కొట్టిండు. నాకు ఆ మంట ఇంకా ఉంది. ఆళ్ల ఊళ్ల ఎవ్వరూ ఆపలేదా అన్నా?

హుబే_ఎంబీబీఎస్:
లేదన్నా. డోలు వినపడితే పిలవకపోయినా పక్క ఊళ్లోళ్లు కూడా వచ్చి ఆడతారు.

మగ్గంగుంట:
గోదారిగట్టు గారూ, దుప్పటి కొంటే వెనకవైపు ఫొటో తప్పకుండా పెట్టండి.