ఒగ్గు కథను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

ఐనవోలు_దారి:
అందరికీ నమస్కారం. మా ఊరి బీరప్ప పండుగకు డోలు చప్పుడుతో దేవుళ్ల కథను పాడి, ఆడి చెప్పే ఒగ్గు బృందం పెద్దాయనకు వయసు మీదపడింది. ఆయన చెప్పే పాఠంలో మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లు, పాత సామెతలు, ఇప్పుడు ఎవరి నోటా వినిపించని మాటలు ఎన్నో ఉన్నాయి. వాటిని అదే తీరుగా చెప్పగలిగినవారు ఆయన తర్వాత లేరు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారి వంటి మహా ఒగ్గు కళాకారుడు 2017లో మనకు దూరమయ్యారు. ఊరూరా ఉన్న పెద్దల పాఠాలు కూడా పోకముందే పదిలపరచాలని మా యువకుల తపన. కథను పూర్తిగా రికార్డు చేసి అందరికీ అందుబాటులో ఉంచాలనుకుంటున్నాం. కళాకారుల కుటుంబాలవారు ముఖ్యంగా సలహా ఇవ్వగలరు.

కరీంనగర్_ధ్వని:
నేను జానపద పాటల స్టూడియోలో ధ్వని విభాగం చూస్తాను. ఫోన్ల వల్ల మన భాషకు జరిగిన మేలు చిన్నది కాదు. ఒకప్పుడు సినిమాల్లో హాస్యానికో, ప్రతినాయకుడికో పరిమితం చేసిన మన తెలంగాణ యాసలోనే జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్ వచ్చింది, అందులో కనిపించే గంగవ్వ గారిని తెలుగువారంతా సొంత మనిషిగా చూసుకున్నారు. అయితే ఒగ్గు కథను దయచేసి స్టూడియోకు తీసుకురావద్దు. మా దగ్గర పాటను నాలుగైదు నిమిషాలకు కుదించి, ముందుగానే నిర్ణయించిన లయకు కట్టేస్తారు. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు, వంతవారు ఒకరి మాటను ఒకరు అందుకుంటూ, ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి వేగం పెంచుతూ తగ్గిస్తూ పోతారు. డోలు ఆ మార్పును వెంటనే పట్టుకుంటుంది. కథ జరిగే చోటనే, డోలుకు విడిగా, కథకుడికి విడిగా మైకులు పెట్టి తీయండి. కుదించని ధ్వనిగా, అంటే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో తీస్తే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. ఆ మూల ప్రతిని రెండు వేర్వేరు చోట్ల దాచండి. యూట్యూబ్‌లో ఉన్నదే ప్రతి అనుకోవద్దు.

ఒగ్గోళ్ల_బిడ్డ:
మాది జనగామ వైపు, మా నాన్న గారి బృందం కథను కొన్నేళ్ల క్రితం ఒక ఛానల్‌వారు వచ్చి తీసుకున్నారు. భోజనం పెట్టి, దారి ఖర్చులు ఇచ్చారు. కాగితం ఏదీ రాయలేదు. వీడియోలో కథ పేరు ఉంది, ఛానల్ పేరు ఉంది, చెప్పిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. లక్షలమంది చూశారని బంధువులు ఫోన్ చేసి అభినందిస్తుంటే నాన్న సంతోషించారు, కానీ ఆ మరుసటి ఏడు పండుగకు ఆయనను పిలవవలసిన ఊరివారికి ఆయన ఎవరో ఆ వీడియో చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే. తర్వాత మేమే ఫోన్‌తో తీసి, బృందం సభ్యులందరి పేర్లు, ఊరు, సంప్రదించవలసిన నంబరు రాసి పెట్టాం. భీవండి, సూరత్‌లలో స్థిరపడిన మన జిల్లాల నేత పనివారి కుటుంబాలు దాన్ని చూసి ఎల్లమ్మ కథ చెప్పించుకోవడానికి పిలిచారు. వీడియో మీద వచ్చిన ఆదాయం కంటే ఆ పిలుపులే మా ఇంటికి ఆధారమయ్యాయి. కాబట్టి ఛానల్‌ను ఆ పెద్దాయన కుటుంబం పేరిటే తెరవండి, మీరు పక్కన ఉండి నడపండి.

హనుమకొండ_వకీలు:
పై అనుభవానికి చట్టం మాట కూడా జోడిస్తాను. సంప్రదాయ కథ ఎవరి సొత్తూ కాదు. కానీ దాన్ని పాడి, ఆడి చూపిన వ్యక్తికి 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ కింద ప్రదర్శకుని హక్కు ఉంటుంది, అది 50 ఏళ్లు నిలుస్తుంది. ఆ చట్టం ప్రదర్శకుల జాబితాలో గాయకులతో పాటు గారడీవారిని, పాములవారిని కూడా చేర్చింది. ఒగ్గు కథకుడు అందులోకి రాడని ఎవరూ అనలేరు. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్ ప్రకారం తన ప్రదర్శనకు తన పేరు పెట్టాలని ఆయన కోరవచ్చు. ధ్వనిముద్రణ మీద హక్కు వేరు, అది సాధారణంగా నిర్మాతది. అందుకే ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. రేపు మరెవరైనా మీ వీడియో మీద కంటెంట్ ఐడీ (హక్కుదారుల ధ్వనిని, దృశ్యాన్ని పోల్చి పట్టే యూట్యూబ్ ఏర్పాటు) ద్వారా హక్కు చూపితే మీరు అభ్యంతరం తెలపవచ్చు. దానికి వారు 30 రోజుల్లో స్పందించకపోతే వారి దావా తొలగిపోతుంది.

మల్లన్న_భక్తుడు:
ఒక మనవి. ఒగ్గువారు కళాకారులే కాదు, పూజారులు కూడా. పట్నం (నేల మీద రంగు పొడులతో వేసే ముగ్గు) వేసి చేసే పూజలో ఏ భాగం కెమెరాకు ఎక్కవచ్చో, ఏది ఎక్కకూడదో వారినే ముందుగా అడగండి.

ఐనవోలు_దారి:
అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన మనవడితో మాట్లాడాను, ఛానల్ అతని పేరిట ఉంటుంది. ఒప్పందం నమూనా ఉంటే వకీలు గారు ఇక్కడ పెట్టగలరు. హనుమకొండ, కాజీపేట ప్రాంతంలో మైకులు, రికార్డరు ఉండి ఒక రాత్రి మాతో కూర్చోగలవారు ఎవరైనా ఉంటే తెలియజేయండి, ఖర్చు ఊరు భరిస్తుంది.