చెప్పకుండా రూలు మార్చిన చోట మన రొయ్యల రైతుల గ్రూపు ఉండాలా, కదలాలా?

గుంటగట్టు (గ్రూపు నిర్వాహకుడు), ఇందుకూరుపేట

పోయిన మంగళవారం రాత్రి ఒంటిగంటకు గంగపట్నం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెంలో) తెల్లటి దారప్పోగుల్లాగా రొయ్యల మలం కనిపిస్తోంది. బాబాయి డైరీలో ఇట్టాంటి ఫోటో ఉండాలి కదా, తెరిస్తే బూడిదరంగు డబ్బా వస్తోంది" అన్నాడు. నేనూ తెరిచి చూశాను. అదే డబ్బా. బాబాయి పెట్టిన ఫోటోలన్నీ అంతే.

మన గ్రూపు నడుస్తున్న సైటువాళ్ళు రూలు మార్చారు. రెండేళ్ళపాటు లాగిన్ కాని అకౌంట్ల ఫోటోలు, ఫైళ్ళు ఇక చూపించరట. మెయిల్ లేదు, పైన ఒక నోటీసు లేదు, నిర్వాహకులకు కూడా ఒక్క ముక్క చెప్పలేదు. షరతుల పేజీ మధ్యలో ఎక్కడో ఒక పేరా చేరింది, కింద తేదీ మారింది. పాత కాపీ పక్కన పెట్టుకుని చూస్తే గానీ తెలియలేదు. మూడుసార్లు రాశాను. అచ్చు వేసినట్టు మూడుసార్లూ ఒకే జవాబు.

కొత్తగా చేరినవాళ్ళకు బాబాయి ఎవరో తెలియదు. అల్లూరు దగ్గర నాలుగెకరాల గుంటలు ఆయనవి. మన గ్రూపులో ఆరు క్రాపుల డైరీ రాశాడు. సీడు (రొయ్య పిల్లలు) ఏ రోజు వేసింది, నీళ్ళలో ఉప్పు ఎంత, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత, మేత ఎన్ని కేజీలు, రొయ్య ఏ రోజు మేత వదిలేసింది, అన్నీ. లాభం వచ్చిన క్రాపే కాదు, పోయిన క్రాపు కూడా రోజు తప్పకుండా రాశాడు. తెల్లమచ్చ జబ్బు తగిలిన రొయ్య తల పెంకు ఊడదీసి ఎండకు పట్టి తీసిన ఫోటో ఒకటుంది. మనలో సగం మంది తెల్లమచ్చను గుర్తుపట్టడం నేర్చుకుంది ఆ ఫోటో చూసే. 2021లో కరోనా ఆయన్ను తీసుకుపోయింది. ఆయన ఇక లాగిన్ కాలేడు.

నా మాట నేను చెబుతున్నాను. మన రాతలు, ఫోటోలు ముందు మన చేతికి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఈ చోటు వదిలేయాలి. మీరూ చెప్పండి.

కొత్తపట్నం తీరం

అన్నా, నాకైతే రెండో ఆలోచన లేదు. ఫోటోబకెట్ అని ఫోటోలు దాచుకునే సైటు ఉంది. బయటి దేశాల్లో ఎన్నో చర్చా గ్రూపులు దాన్ని నమ్ముకున్నాయి. 2017 జూన్ ఆఖర్లో షరతులు మార్చి, వేరే సైట్లలో ఫోటో కనపడాలంటే ఏడాదికి 399.99 డాలర్లు కట్టమంది. కార్లు బాగుచేసుకునేవాళ్ళు, చేపల తొట్లు పెంచేవాళ్ళు ఏళ్ళ తరబడి పెట్టుకున్న బొమ్మలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. పక్కన రాసిన వివరం ఉంది, చూపించాల్సిన బొమ్మ లేదు. మరుసటి ఏడాది వాళ్ళు వెనక్కి తగ్గారు, అప్పటికి చాలామంది వెళ్ళిపోయారు.

మెయిల్లో చర్చించుకునే యాహూ గ్రూప్స్ సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండాలి. మన తెలుగువాళ్ళ చర్చా గ్రూపు రచ్చబండ కూడా అక్కడే నడిచింది. 2019 అక్టోబరులో చెప్పి, డిసెంబరు కల్లా పాత ఉత్తరాలు తీసేస్తామన్నారు. 2020 డిసెంబరు 15న మొత్తం మూసేశారు. చెప్పి చేసినవాళ్ళు ఇచ్చిందే రెండు నెలలు. చెప్పనివాళ్ళను ఎట్టా నమ్ముతాం?

సీడు బండి, ముత్తుకూరు

మనం ఒక్క రూపాయి కట్టలేదు. వాళ్ళ స్థలం, వాళ్ళ కరెంటు. చచ్చిపోయిన అకౌంట్ల ఫోటోలు ఎన్నేళ్ళు మోస్తారు? గూగుల్ కూడా రెండేళ్ళు వాడని అకౌంట్లు తీసేస్తోంది కదా. దీనికింత గొడవ అవసరం లేదు.

గుంటగట్టు

తమ్ముడూ, నువ్వు చెప్పిన గూగుల్ సంగతే చూడు. 2023 మే నెలలో ప్రకటించింది. తీసేయడం మొదలుపెట్టింది డిసెంబరులో. ఈలోపు ఆ అకౌంట్‌కీ, దానికి ఇచ్చిన రెండో మెయిల్‌కీ హెచ్చరికలు పంపుతామని చెప్పింది. రూలు అదే, రెండేళ్ళు. కానీ మధ్యలో ఆరు నెలలు ఉన్నాయి. ఆ ఆరు నెలలు మనకిచ్చి ఉంటే బాబాయి ఫోటోలన్నీ ఈపాటికి దింపుకుని ఉండేవాళ్ళం. ఊరికే ఇచ్చిన లీజు అయినా క్రాపు మధ్యలో తూము ఎత్తరు. రొయ్యల పట్టుబడి అయిందాకా ఆగుతారు.

బడి మాస్టారు, ఒంగోలు

రొయ్యల సంగతి నాకు పెద్దగా తెలియదు, మా బావమరిది గుంటల కోసం చేరాను. చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక్క మాట చెబుతాను.

పాతకాలపు రేవు మోటుపల్లి మొన్న 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ అంతవరకూ మన ప్రకాశమే. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు, తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏమున్నా బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ళ మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదులుతున్నామని ఆయన రాతి స్తంభం మీద చెక్కించాడు. ఓడ దిగిన వర్తకుడికి తన దగ్గర ఎంత తీసుకుంటారో రేవులోనే తెలిసేది. ఎనిమిది వందల ఏళ్ళనాడు రాజు తన రూలును రేవులో రాయి మీద పెట్టగలిగితే, ఈనాడు ఒక మెయిల్ పంపడం కష్టమా?

చట్టం కూడా చెబుతాను. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి సైట్లు తమ షరతులనూ, వాటిలో మార్పులనూ ఏడాదికి ఒక్కసారైనా వాడేవాళ్ళకు తెలియజేయాలి. 2022 సవరణ తర్వాత, కోరుకున్నవాళ్ళకు తెలుగులో కూడా. మార్పుకు ముందే చెప్పి తీరాలని మాత్రం అందులో లేదు. మన ఫిర్యాదు అందినట్టు ఫిర్యాదుల అధికారి 24 గంటల్లో చెప్పాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం వేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్లోనే వెళ్ళొచ్చు. మామూలు హెల్ప్ పేజీలో కాకుండా ఆ అధికారికి రాశారా నాయనా?

సీడు బండి

మాస్టారూ, గణపతిదేవుడికి ఓడలు కావాలి. సుంకం రావాలి. అందుకని రాయించాడు. మనం వెళ్ళిపోతే ఈ సైటుకు పోయేదేముంది? రెండు జిల్లాల రొయ్యల రైతులు ఉన్నా లేకపోయినా వాళ్ళకు ఒకటే. నేను వాళ్ళ పక్షాన మాట్లాడటం లేదు, మన బలం ఎంతో చూసుకోమంటున్నాను.

కొత్తపట్నం తీరం

ఈ మాట మాత్రం నిజమే. రెడ్డిట్ అనే చర్చల సైటు బయటి యాప్‌ల మీద రేట్లు పెట్టినందుకు 2023 జూన్‌లో దానిలోని వేల గ్రూపులు రెండు రోజులు తలుపులు మూసుకున్నాయి. రేట్లు తగ్గలేదు. అలాంటి బయటి యాప్ అపోలో ఆ నెలాఖరుకు మూతపడింది. అదే 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పెడితే జనం గుంపులు గుంపులుగా సిగ్నల్ అనే యాప్‌కు పోయారు. ఫిబ్రవరి 8 గడువు మే 15కు జరిగింది. ఆ షరతుల మీదే 2024 నవంబరులో మన కాంపిటీషన్ కమిషన్ 213.14 కోట్ల జరిమానా వేసింది, కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. అంటే పోవడానికి వేరే చోటు సిద్ధంగా ఉన్నప్పుడే మన మాట వింటారు. ముందు ఆ చోటు తయారుచేద్దాం. సొంత పేరు, సొంత సర్వరు. ఖర్చు తలా కొంచెం వేసుకుందాం.

ఏరేటర్ మెకానిక్, కావలి

సొంత సర్వరు అంటే ఎవరు చూసుకుంటారు తమ్ముడూ? రాత్రి రెండింటికి అది ఆగిపోతే? గుంటలో గాలి కొట్టే ఏరేటర్ ఆగితే నాకు ఫోన్ చేస్తారు, నేను బండేసుకుని పోతాను. దానికి ఎవరు పోతారు? నువ్వు రేపు ఉద్యోగానికి బెంగళూరు పోతే?

ఇంకో మాట. మన గ్రూపులో చదివేవాళ్ళలో చాలామంది ఒక్క పోస్టు కూడా పెట్టరు. పాస్‌వర్డ్ మర్చిపోతే కొడుకో కూతురో పండక్కి వచ్చిందాకా ఆగేవాళ్ళు. పోయినేడు చాట్ గ్రూపుకు మారదామని ప్రయత్నం చేశాం కదా. గుడ్ మార్నింగ్‌లు, కౌంటు రేట్ల (రొయ్య సైజును బట్టి ధరల) మధ్య అసలు ప్రశ్న కొట్టుకుపోయింది. నెల కిందటి ఫోటో వెతకబోతే దొరకలేదు. ఉన్నవాళ్ళు అక్కడ కొందరు, ఇక్కడ కొందరు అయ్యారు. కదిలితే మనలాంటివాళ్ళం కదులుతాం. గంగపట్నం తమ్ముడిలాగా రాత్రిపూట భయపడి వెతుక్కునేవాళ్ళు ఇక్కడే మిగిలిపోతారు.

సింగరాయకొండ అక్క

ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నా. "మన రాతలన్నీ దింపుకుందాం" అంటున్నారు. ఎవరి రాతలు? మా ఆయన మంచాన పడ్డ ఏడు రెండు గుంటలు నేనే చూసుకున్నా. ఒక క్రాపు పూర్తిగా పోయింది. మేత షాపులో ఎంత బాకీ, బంగారం ఎక్కడ పెట్టింది, అన్నీ ఇక్కడ రాశా. మీరు ధైర్యం చెప్పారు, మర్చిపోను. కానీ అది ఈ గ్రూపులో ఉన్నవాళ్ళు మాత్రమే చూస్తారని రాశా. రేపు సొంత సైటు పెట్టి ఎవరు వెతికినా కనపడేట్టు చేస్తే, మా పాప పెళ్ళి సంబంధాలవాళ్ళు కూడా చదువుతారు. నన్ను అడక్కుండా నా రాత ఇంకో చోటికి తీసుకుపోతే, అడక్కుండా రూలు మార్చినవాళ్ళకూ మీకూ తేడా ఏముంది?

విడవలూరు పెద్దాయన

అమ్మాయి మాట సబబుగా ఉంది.

నేను తక్కువ రాస్తాను, మీకు తెలుసు. 1994, 95ల్లో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వచ్చినప్పుడు నేను కుర్రవాణ్ణి. పొద్దున గట్టు మీదికి పోతే అంచు పొడుగునా ఎర్రబడి తేలి ఉంది. ఏ సీడు, ఏ నీరు, ఎన్నో రోజు మొదలైంది, ఒక్కరి దగ్గరా రాత లేదు. మా నాయన ఒకటి చెప్పేవాడు, పక్క గుంటాయన ఇంకొకటి. పొలాలు అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. అందుకే అల్లూరాయన రాయడం మొదలుపెట్టినప్పుడు నేను రోజూ చదివేవాణ్ణి. మీరు ఇక్కడుండండి, ఇంకో చోటికి పోండి. ఆ డైరీ మాత్రం పోనీయకండి.

గుంటగట్టు

అక్కా, తప్పు నాదే. అడగాలన్న ఆలోచనే రాలేదు. మీ పోస్టులు ఒక్కటి కూడా నేను ముట్టుకోను. ఎవరి రాత వాళ్ళు సరే అంటేనే దింపుతాం. పెట్టే చోటు కూడా సభ్యులకు మాత్రమే తెరుచుకోవాలి.

మెకానిక్ తమ్ముడు చెప్పినదాని మీద రెండు రోజులు ఆలోచించాను. నేను వదిలేద్దామన్నాను, ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రశ్నలు, జవాబులు ఇక్కడే నడవనీ. డైరీలు, జబ్బుల ఫోటోలు మాత్రం రెండు చోట్ల ఉండాలి. ఒకటి మన దగ్గర హార్డ్ డిస్కులో, ఇంకొకటి తెలిసినవాళ్ళ ఇంట్లో. కొత్తపట్నం తమ్ముడు సొంత సైటు వద్దంటే ఒప్పుకోవడం లేదు, దాని మీద మాట్లాడుకుందాం. మాస్టారూ, ఆ అధికారికి ఉత్తరం నిన్న పంపాను. మీరు దిద్దిన తెలుగులోనే.

నిన్న అల్లూరు వెళ్ళాను. బాబాయి కూతురు పాత ఫోన్ తీసిచ్చింది, స్క్రీను పగిలింది, మెమరీ కార్డు బాగానే ఉంది. చివరి మూడు క్రాపుల ఫోటోలు దొరికాయి. దింపుకోవడానికి ఒప్పుకుంది, నాన్న పేరు మాత్రం ఉంచమంది. మొదటి మూడు క్రాపులవి అందులో లేవు. తెల్లమచ్చ ఫోటో ఆ మొదటి మూడింటిలోదే. అప్పట్లో ఎవరి ఫోన్లో అయినా, ఏ పాత కార్డులో అయినా దింపుకుని ఉంటే నాకు పంపండి. గంగపట్నం తమ్ముడి గుంటలో మేత ఆపించాం, శాంపిల్ ల్యాబుకు పోయింది.