ఆఫ్రికా విద్యార్థులకు బ్లాక్‌చెయిన్ వర్క్‌షాప్: రెండు రోజుల్లో ఏం నేర్పాలి, ల్యాబ్‌లో ఏం పెట్టాలి?

కోటగుమ్మం (విజయనగరం):
నమస్కారం. వచ్చే నెల మా కాలేజీలో రెండు రోజుల బ్లాక్‌చెయిన్ (లావాదేవీలను ఒకదానికొకటి ముడిపడిన బ్లాక్‌లుగా రాసి, చాలామంది దగ్గర ప్రతులు ఉంచే లెక్కల పుస్తకం) వర్క్‌షాప్ పెడుతున్నాం. మొత్తం 48 మంది. 30 మంది టాంజానియా, నైజీరియా, మలావీ నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్నవాళ్లు, మిగతా 18 మంది మన రెండు జిల్లాల పిల్లలు. సగం మంది బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడు, సగం మంది అగ్రికల్చర్ బీఎస్సీ. రోజుకు ఆరు గంటలు. ల్యాబ్‌లో 24 విండోస్ సిస్టమ్‌లు, 8 జీబీ ర్యామ్. నెట్ లైను ఒక్కటే, అందరూ ఒకేసారి తెరిస్తే నత్తనడక. మధ్యాహ్నం కరెంటు పోతే యూపీఎస్ 20 నిమిషాలు లాగుతుంది.

పాత స్లైడ్లు ఉన్నాయి: మెటామాస్క్ వాలెట్ (ఖాతా తాళాలు ఉంచుకునే యాప్), గోర్లీ టెస్ట్‌నెట్ (ఉత్తుత్తి నాణేలతో సాధన చేసే ఇథీరియం నెట్‌వర్క్), గనాష్ (సొంత సిస్టమ్‌లోనే సాధనకు గొలుసు నడిపే టూల్). అవి పనికొస్తాయా? క్రిప్టో ట్రేడింగ్ గ్రూపుల మోజు ఇప్పటికే చాలామందికి ఉంది, అటు పోకుండా ఎలా నడపాలి? అగ్రికల్చర్ వాళ్లకి దగ్గరగా ఉండే ఉదాహరణ ఏదైనా చెప్పండి.

నాగావళి:
కోటగుమ్మం గారూ, ఆ స్లైడ్లు పక్కన పెట్టేయండి. రాప్‌స్టెన్, రింకబీ, గోర్లీ టెస్ట్‌నెట్‌లు మూడూ మూతపడ్డాయి. గనాష్‌ను, దాని తోడు టూల్ ట్రఫుల్‌ను ఆపేస్తున్నట్టు తయారీదారులే 2023లో ప్రకటించారు. ఇప్పుడు నేర్చుకునేవాళ్లకి సెపోలియా టెస్ట్‌నెట్ ఉంది. కానీ మీ ల్యాబ్‌లో దానితోనూ మొదలుపెట్టొద్దు. ల్యాబ్ అంతా బయటికి ఒకే ఐపీ అడ్రసుతో కనబడుతుంది కదా, ఉచిత టెస్ట్ ఈథర్ (ఇథీరియం నాణేనికి ఉత్తుత్తి రూపం) ఇచ్చే ఫాసెట్ సైట్లు ఒకరిద్దరికి ఇచ్చాక మిగతావాళ్లను తిప్పి పంపేస్తాయి. కొన్నయితే అసలు నెట్‌వర్క్‌లో కాస్త నిజమైన ఈథర్ ఉంటేనే ఇస్తాయి. అంటే కొనమనే కదా!

తొలి రోజు వాలెట్ మాటే ఎత్తకండి. పైథాన్ చాలు, నెట్ అక్కర్లేదు. మొదటి గంట హ్యాష్ ఒక్కటే, అంటే ఫైలు నుంచి లెక్కగట్టి తీసే వేలిముద్ర లాంటి వరస. నోట్‌ప్యాడ్‌లో ఒక వాక్యం రాయించి సేవ్ చేయించండి. కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్‌తోనే వచ్చే సెర్ట్‌యుటిల్‌కి హ్యాష్‌ఫైల్ ఆప్షన్, ఫైలు పేరు, చివర షా256 (హ్యాష్ పద్ధతి పేరు) ఇస్తే 64 అక్షరాల వరస వస్తుంది. ఒక్క చుక్క తీసేసి మళ్లీ చేస్తే వరస మొత్తం మారిపోతుంది.

గొడవంతా ఇక్కడే. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు అదే వాక్యం రాస్తారు, హ్యాష్‌లు కలవవు. ఒకరు చివర ఎంటర్ నొక్కి ఉంటారు, లేదా ఒకరి ఫైలు బీఓఎమ్‌తో (ఫైలు మొదట్లో చేరే కనబడని గుర్తు) సేవ్ అయి ఉంటుంది. లినక్స్ నుంచి తెచ్చిన ఫైలైతే లైను చివర ఒకటే బైటు, విండోస్‌లో రెండు. మన తెలుగులో ఇంకో తిరకాసు: ఫోన్ కీబోర్డులో ‘రమేష్’ అని కొడితే చివరి పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి చేరొచ్చు. తెరమీద రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, ఫైల్లో మాత్రం 3 బైట్లు ఎక్కువ, హ్యాష్ పూర్తిగా వేరు. ఈ తికమకను ముందే సర్దేయకండి, పిల్లల చేతే వెతికించండి.

తర్వాత మైనింగ్. బ్లాక్ సమాచారం, ముందు బ్లాక్ హ్యాష్, నాన్స్ (మార్చుకుంటూ పోయే అంకె) కలిపి, హ్యాష్ మొదట 4 సున్నాలు వచ్చేదాకా నాన్స్ పెంచుకుంటూ పోవడం. పదిహేను లైన్ల కోడ్. సగటున 65,536 ప్రయత్నాలు పడుతుంది. ఒక్కో సున్నాకీ 16 రెట్లు పెరుగుతుంది కాబట్టి 5 సున్నాలకు దాదాపు పదిన్నర లక్షలు, 6కి కోటీ 68 లక్షలు. మీ సిస్టమ్‌లలో 5 దగ్గర ఆపేయండి. పది బ్లాక్‌ల గొలుసు కట్టించి రెండో దాంట్లో అంకె మార్పిస్తే రెండోదాని నుంచి అన్నీ చెడిపోతాయి. ‘చూశారా, మార్చలేం’ అని అక్కడే వదిలేస్తే మాత్రం తప్పు నేర్పినట్టే. 4 సున్నాలతో పది బ్లాక్‌లనూ మళ్లీ మైన్ చేయడానికి ఆ సిస్టమ్‌కి కొన్ని సెకన్లు చాలు. అది కూడా చేసి చూపించండి. గొలుసు ఒక్కటే కాపాడదు, ఎంత శ్రమ పెట్టారు, ఎంతమంది దగ్గర ప్రతులున్నాయి అన్నదే కాపాడుతుందని అప్పుడు అర్థమవుతుంది.

చంపావతి:
నాగావళి గారు చెప్పింది సీఎస్‌ఈ వాళ్లకి సరిపోతుంది. అగ్రికల్చర్ పిల్లలకి తొలి పూటే పైథాన్ అంటే లంచ్ తర్వాత సగం మంది రారు. ముందు కాగితం మీద ఆడించండి. ఎనిమిది జట్లు, జట్టుకు ఆరుగురు, జట్టుకో నోట్‌బుక్. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో చీటీలు తిరుగుతుంటే ప్రతి జట్టూ రాసుకోవాలి. పది లావాదేవీలయ్యాక ఒకే 50 రూపాయలను ఇద్దరికి ఇస్తూ రెండు చీటీలు ఒకేసారి వదలండి, ఒకటి కిటికీ వైపు, ఒకటి తలుపు వైపు. నాలుగు జట్లు ఒకటి ముందు రాస్తాయి, నాలుగు రెండోది. ఎవరి పుస్తకం సరైనది? కన్సెన్సస్ (ఏ లెక్క సరైనదో అందరూ ఒక మాట మీదికి రావడం) అవసరం ఏమిటో ఇక్కడ వాళ్ల నోటే వస్తుంది. దీనికి 40 నిమిషాలు, తర్వాత పైథాన్.

రెండో రోజుకి రీమిక్స్ చాలు, అది కాంట్రాక్ట్‌లు (గొలుసు మీద నడిచే ప్రోగ్రాములు) రాసి నడిపి చూసే వెబ్‌సైటు. అందులో రీమిక్స్ వీఎమ్ (బ్రౌజర్‌లోనే నడిచే ఉత్తుత్తి గొలుసు) ఎంచుకుంటే ఒక్కో ఖాతాలో 100 ఉత్తుత్తి ఈథర్ ఉంటుంది. పొద్దున్నే పిల్లలు రాకముందు 24 సిస్టమ్‌లలోనూ తెరిచి ఒక చిన్న కాంట్రాక్ట్ కంపైల్ చేసి పెట్టండి. కంపైలర్ ఫైలు కొన్ని ఎంబీలుంటుంది, అందరూ ఒకేసారి దించుకుంటే మీ లైను కూర్చుండిపోతుంది. కోడ్ బ్రౌజర్ స్టోరేజీలోనే ఉంటుంది. రీస్టార్ట్‌కి అన్నీ తుడిచేసే సాఫ్ట్‌వేర్ ల్యాబ్‌లో ఉంటే కరెంటు పోయిందంటే కోడూ పోయినట్టే, గంటకోసారి పెన్‌డ్రైవ్‌లోకి దించమనండి.

అందరికీ ఒకే గొలుసు కావాలంటే ఒక సిస్టమ్‌లో హార్డ్‌హ్యాట్ (సాధనకు సొంత గొలుసు నడిపే టూల్) నోడ్ పెట్టండి. 20 ఖాతాలు, ఒక్కోదాంట్లో 10,000 ఈథర్, చెయిన్ ఐడీ 31337, పోర్టు 8545. హోస్ట్‌నేమ్ 0.0.0.0 అని ఇవ్వకపోతే పక్క సిస్టమ్‌లకి అది కనబడదు. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరవడమూ మరిచిపోవద్దు. రీమిక్స్ వెబ్‌సైటు నుంచి ఆ నోడ్‌కి కలపాలని చూస్తే బ్రౌజర్ ఒప్పుకోదు, అది హెచ్‌టీటీపీఎస్ పేజీ, మీ నోడ్ ఉత్త హెచ్‌టీటీపీ. అందుకే పైథాన్ వెబ్3 లైబ్రరీతో కలపండి. ప్యాకేజీలన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి, పైథాన్ వెర్షన్ అన్ని సిస్టమ్‌లలో ఒకటే ఉండాలి.

హార్డ్‌హ్యాట్ చూపించే ప్రైవేట్ కీలు (ఖాతా తెరిచే రహస్య తాళాలు) లోకమంతటికీ తెలిసినవే. వాటికి అసలు డబ్బు పంపితే కాచుక్కూర్చున్న బాట్‌లు వెంటనే లాగేస్తాయి. ఈ మాట బోర్డు మీద రాసి ఉంచండి.

ఉద్దానం పిక్క (పలాస):
అగ్రికల్చర్ వాళ్లకి జీడి కన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది మాస్టారూ? టాంజానియాలో మ్త్వారా వైపు జీడితోటలకు పెట్టింది పేరు, అక్కడి పిక్కల్లో ఎక్కువ భాగం పచ్చివిగానే ఇండియా, వియత్నాంలకు ఎగుమతి అవుతుంది. మన దగ్గర ఉద్దానం పిక్క ఉంది, ఆడించే ఫ్యాక్టరీలు పలాస కాశీబుగ్గలో ఉన్నాయి. రెండు దేశాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని మాట్లాడుకోగలరు.

కాంట్రాక్ట్‌లో మూడు ఫంక్షన్లు చాలు: బస్తా నమోదు, చేతులు మారడం, పప్పు తీయడం. మన లెక్కలో బస్తా 80 కిలోలు. కాంట్రాక్ట్ రాసే సాలిడిటీ భాషలో దశాంశాలు లేవు కాబట్టి 80,000 గ్రాములని రాయాలి. పిక్కలో పప్పు ఎక్కువలో ఎక్కువ 25 శాతం అనుకుంటే బస్తాకు 20 కిలోలకు మించి పప్పు నమోదు కానివ్వకూడదు. పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు: శాతాన్ని ముందు 100తో భాగిస్తారు. అది పూర్ణాంకాల భాగహారం, వేరియబుల్‌లోని 25ని 100తో భాగిస్తే సున్నా, ఇక ఏ బస్తా నుంచీ పప్పు రాదు. ముందు గుణించి తర్వాత భాగించాలి.

ఇదంతా అయ్యాక ఒక ప్రశ్న వేయండి. ఉద్దానం బస్తాలో సగం దిగుమతి పిక్క కలిపి ఉద్దానందే అని ఎక్కిస్తే గొలుసుకి తెలుస్తుందా? తెలీదు. 20 కిలోల పరిమితి వల్ల తెచ్చిన పిక్క కన్నా ఎక్కువ పప్పు అమ్మడం దొరుకుతుంది గానీ, కల్తీ దొరకదు. పొందూరు ఖద్దరు మీద క్యూఆర్ అంటించినా ఇదే సంగతి. వాలుగ చేప దవడతో దూది ఏకిన నూలా, మిల్లు నూలా అన్నది బట్ట చూసిన మనిషే చెప్పాలి. ఎక్కించేవాడు అబద్ధం చెబితే ఆ అబద్ధమే చెరగకుండా నిలిచిపోతుంది.

వంశధార:
ట్రేడింగ్ మోజు గురించి అడిగారు. ఉపన్యాసం ఇస్తే వినరు, లెక్క చూపించండి. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేసుకోనివ్వరు. 2022 జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. టెస్ట్ ఈథర్‌కి విలువే లేదు కాబట్టి వర్క్‌షాప్‌కి ఈ గొడవ రాదు. అసలు నాణేలు ఎవరిచేతా కొనిపించకండి, సరదాకైనా.

ఆఫ్రికా అంతా ఒకటే అన్నట్టు మాట్లాడకండి, ఏ దేశం రూలు ఆ దేశానిది. నైజీరియా కేంద్ర బ్యాంకు 2021 ఫిబ్రవరిలో క్రిప్టో ఖాతాలు మూసేయమని బ్యాంకులకు చెప్పింది, అదే ఏడాది అక్టోబరులో సొంతంగా ఈ-నైరా అనే డిజిటల్ కరెన్సీ తెచ్చింది, 2023 డిసెంబరులో బ్యాంకుల మీద ఆ ఆంక్ష సడలించింది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ 2022లో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ నాణెం చేసి మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది.

అన్నిటికన్నా మంచి చర్చ ఎం-పేసా (ఫోన్‌తో డబ్బు పంపే సేవ) మీద నడుస్తుంది. కెన్యాలో 2007లో మొదలైంది, మామూలు ఫోన్‌లోనూ పనిచేస్తుంది, అందులో బ్లాక్‌చెయిన్ లేదు. ఒక కంపెనీ డేటాబేసే. జనం ఆ కంపెనీని నమ్మారు, పని జరిగిపోయింది. కాబట్టి ప్రతి ప్రాజెక్టు ఆలోచనకీ ముందు ఇదే అడగండి: ఇక్కడ ఎవరు ఎవరిని నమ్మడం లేదు? జవాబు రాకపోతే డేటాబేస్ పెట్టుకోమనండి.

కోటగుమ్మం (విజయనగరం):
అందరికీ ధన్యవాదాలు. జీడి లెక్క ఖాయం చేసేశాను. ఇంకొక్క సందేహం. చివర్లో పిల్లలకి ఇచ్చే సర్టిఫికెట్లనే గొలుసుమీద పెట్టిద్దామని మా హెచ్‌ఓడీ గారి కోరిక. పేరు, రోల్ నంబరు, మార్కులు పెట్టొచ్చా?

నాగావళి:
పెట్టొద్దు. ఒకసారి ఎక్కితే తీయలేరు, రేపు పేరు తప్పుపడినా అలాగే ఉంటుంది. హ్యాష్ మాత్రమే ఎక్కించండి. అదీ ఉత్త రోల్ నంబరు, మార్కుల హ్యాష్ అయితే దాచినట్టు కాదు. 3,000 రోల్ నంబర్లు, 0 నుంచి 100 దాకా మార్కులు అంటే 3,03,000 కలయికలు, లాప్‌టాప్ అన్నీ ప్రయత్నించడానికి సెకను కూడా అక్కర్లేదు. ఒక్కో సర్టిఫికెట్‌కి 16 బైట్ల యాదృచ్ఛిక సాల్ట్ (ఎవరూ ఊహించలేని అదనపు సమాచారం) కలిపి హ్యాష్ చేయండి, ఆ సాల్ట్‌ను సర్టిఫికెట్ మీది క్యూఆర్‌లో ఉంచండి. పీడీఎఫ్ మొత్తాన్ని హ్యాష్ చేస్తే రెండోసారి తయారు చేసినప్పుడు లోపలి తేదీ మారి హ్యాష్ కలవదు, అందుకని వివరాల వరసనే హ్యాష్ చేయడం మేలు. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫొటో అయితే కుదించేస్తుంది, క్యూఆర్ చదవడానికి రాకపోవచ్చు.

చంపావతి:
దీనికి ఒక్కటి కలుపుతాను. ఎక్కించిన ఖాతా అడ్రసు కాలేజీదేనని బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది? ఆ అడ్రసును కాలేజీ వెబ్‌సైటులో వేయండి. రద్దు చేసే ఫంక్షన్ కాంట్రాక్ట్‌లో ముందే పెట్టండి, తర్వాత కలపలేరు. ప్రైవేట్ కీ హెచ్‌ఓడీ గారి ఒక్కరి ఫోన్‌లోనే ఉంటే ఆయన బదిలీ అయిన రోజున రద్దు చేసే దారీ పోతుంది. ముగ్గురిలో ఇద్దరు సంతకం పెట్టే మల్టీసిగ్ వాడండి.