‘ఇల’ అని పేరు పెట్టొచ్చా? ఇలనా, ఇళనా?

ప్రశ్న: ఆడపిల్లకి ‘ఇల’ అనే పేరు అనుకుంటున్నాం. భూమి అని తెలుసు. ఇంకేమైనా అర్థాలున్నాయా? ‘ఇలవేలుపు’లో ఉన్నదీ ఇదేనా? మగవాడిగా మారిన కథేదో ఉందని పెద్దవాళ్లు జంకుతున్నారు.

పదశోధి: ఇలవేలుపుకీ దీనికీ సంబంధం లేదండీ. అది ఇల్లు + వేలుపు, అచ్చతెలుగు. మీరు అడిగిన ఇల సంస్కృతం నుంచి వచ్చింది. అమరకోశం దీనికి ఆవు, భూమి, వాక్కు అని మూడర్థాలు చెప్తుంది. తెలుగు వాడుకలో మిగిలింది భూమి ఒక్కటే: ‘ఇలలో’, ‘ఇలపై’. ఋగ్వేదంలో మాత్రం ఇళ ఒక దేవత. యజ్ఞంలో దేవతల్ని వరసగా పిలిచే ఆప్రీ సూక్తాల్లో సరస్వతి, భారతి అనే దేవతలతో కలిపి పిలుస్తారు. యజ్ఞంలో హోమం అయ్యాక ఋత్విక్కులు, యజమాని తినే హవిర్భాగం పేరు ఇడ. యోగంలో ఎడమ నాడి కూడా ఇడే.

డ, ళ తేడా చూసి కంగారు పడకండి. ఋగ్వేద పాఠంలో రెండచ్చుల మధ్య డకారం ళకారమవుతుంది. మొదటి మంత్రం ‘అగ్నిమీళే’ అసలు ‘ఈడే’నే.

పురాణప్రియ: కథ భాగవతం నవమ స్కంధంలో ఉంది. మనువు కొడుకు కోసం యాగం చేస్తే, భార్య శ్రద్ధ కూతుర్ని కోరడంతో ఇల పుట్టింది. వసిష్ఠుడు ఆమెను సుద్యుమ్నుడిగా మార్చాడు. అతను, మగవాళ్లు అడుగుపెడితే స్త్రీలైపోయే శివపార్వతుల వనంలోకి వెళ్లి మళ్లీ స్త్రీ అయ్యాడు, చంద్రుడి కొడుకు బుధుడి వల్ల పురూరవుణ్ణి కన్నది. పురూరవుణ్ణి ఐలుడనేది అందుకే. చంద్రవంశానికి మూలమాత పేరు, జంకడమెందుకో నాకర్థం కాదు! రామాయణం ఉత్తరకాండలో అయితే స్త్రీగా మారిన ఇలుడు బాహ్లిక దేశపు రాజు, కర్దముడి కొడుకు.

అక్షరం: రాత సంగతి. సీతా, రమా తెలుగులో సీత, రమ అయినట్టే ఇది ‘ఇల’. దీర్ఘం పెడితే ‘ఇలా వచ్చింది’ అన్న వాక్యంలో పేరెక్కడో తెలీదు. పిలుపులో దీర్ఘం ఎలాగూ వస్తుంది, ‘ఇలా, ఇలా రా’ తప్పదు. ‘ఇళ’ కూడా తప్పు కాదు, కానీ ఒకటే ఎంచుకుని అన్ని కాగితాల్లో అదే రాయించండి. ఇంగ్లీషులో పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’ చాలా ఫాంట్లలో ఒకేలా ఉంటాయి, రెండు ‘ఎల్’లుగా చదివి ఎక్కించేస్తారు. దరఖాస్తులో అన్నీ పెద్దక్షరాలే వాడండి. తొందరేం లేదు: పేరు లేకుండా జనన నమోదు చేయించినా 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో.