క్లీన్ టోన్‌కు సింగిల్ కాయిలా, హంబకరా, పి-90నా? క్వయర్‌లో వాయించేవారి సలహా కావాలి

రాజోలు రిథమ్:

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆదివారం ఆరాధనలోను, డిసెంబరు వస్తే చుట్టుపక్కల ఊళ్ల క్రిస్మస్ సభల్లోను ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. డిస్టార్షన్‌తో, అంటే గరగరలాడే శబ్దంతో, నాకు పని పడదు. మా పాటలకు కావలసింది తేటగా మోగే కార్డులు, చరణానికీ చరణానికీ మధ్య చిన్న చిన్న బిట్లు. కాబట్టి నా గొడవంతా క్లీన్ టోన్ గురించే.

తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటు సంకేతంగా మార్చేది పికప్. నా గిటార్‌లో బ్రిడ్జి (తీగల కింది కొస) దగ్గర రెండు కాయిళ్ల పికప్ హంబకర్, మధ్యలోను నెక్ (మెడ) దగ్గరా ఒకే కాయిల్ ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లు ఉన్నాయి. నరసాపురంలో మా బావ దగ్గర రెండు హంబకర్ల గిటార్ ఉంది. ఆయన స్నేహితుడిది పి-90 (వెడల్పాటి సింగిల్ కాయిల్ పికప్) గిటార్. మొన్న నాది భుజాన వేసుకుని, పంటు మీద వసిష్ఠ గోదావరి దాటి వెళ్లాను. మూడింటినీ ఒకే ఆంప్‌కు తగిలించి విన్నాం. హంబకర్ నెక్ పికప్ నాకు తెగ నచ్చింది. నిండుగా, మెత్తగా ఉంది. పి-90 అంతకంటే గరుకుగా, గొంతు విప్పి పాడే మనిషిలా వినిపించింది. నా సింగిల్ కాయిల్ తేటగానే ఉంది కానీ వెనకాల గుయ్యిమని ఒకటే రొద.

సరే, హంబకరే మేలనుకుని బావ గిటార్ అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం చర్చిలో వాయిస్తే ఆ నిండుతనమంతా ఎటు పోయిందో తెలియలేదు. కీబోర్డు కింద మునిగిపోయింది. వేళ్లు కదులుతున్నాయి కానీ ఏమీ వినపడటం లేదని మా అమ్మే అన్నది. నా సింగిల్ కాయిల్ కొంత నయం అనిపించింది. చర్చిలో ఆంప్ లేదు, గిటార్ వైరు తిన్నగా మిక్సర్‌లోకే వెళుతుంది. ట్రెబుల్ పూర్తిగా పెంచి చూశాను, చురుకుదనం రాలేదు.

ఉన్న గిటార్ అమ్మేసి పి-90 ఉన్నది తీసుకోవాలా? లేక దీనికే పికప్‌లు మార్పించాలా? వాయించి చూసినవారు చెప్పండి.

అమలాపురం ఎడమచేయి:

కీబోర్డు వాళ్ల తరఫున ఒక మాట. ఎడమ చేతిని ఊరికే ఉంచడం మా జాతికి చేతకాదు. బేస్ గిటార్ లేని క్వయర్ అయితే మరీను, కింది స్వరాలన్నీ మేమే నింపేస్తాం. మీ గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అక్కడి నుంచి పైకి ఒకటిన్నర స్థాయి వరకు మా ఎడమ చేయి కూర్చునే ఉంటుంది. నెక్ హంబకర్ నిండుతనం కూడా సరిగ్గా అక్కడే. ఒంటరిగా విన్నప్పుడు మనసు దోచేది పదిమందిలో కనిపించకపోవడానికి అదొక కారణం.

ఆరు తీగల ఓపెన్ కార్డులు మానేసి, సన్నని మూడు తీగల మీద ఐదో ఫ్రెట్‌కు పైన వాయించి చూడండి. ఏ పికప్ అయినా పైకి తేలుతుంది.

అన్నట్టు, కరెంటు వాద్యంలో తేటదనం అంటే ఏమిటో మన జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు ఎలా పలికించారో వినండి. అంత చిన్న వాద్యంలో ఒక్క స్వరం అంచు కూడా మసకబారదు. అందులో పికప్ పాలు ఎంత, ఆ వేళ్ల పాలు ఎంత అని నన్ను అడిగితే వేళ్ల పక్షమే నాది.

భీమవరం సోల్డర్:

ఎడమచేయి గారు చెప్పింది నిజమే. కానీ రాజోలు తమ్ముడూ, మీ ప్రశ్నకు జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. "తిన్నగా మిక్సర్‌లోకే" అన్నారు చూశారా, అదే. అది తేలేదాకా ఏ పికప్ మంచిదన్న చర్చకు అర్థం లేదు.

నేను భీమవరంలో ఆంప్‌లు, మిక్సర్లు, గిటార్లు బాగుచేస్తాను. రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు కూడా నా బల్ల మీదికే వస్తాయి. రోజంతా రాగి తీగ చుట్టలతోనే నా కాపురం.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ 42 గేజి రాగి తీగ. తీగ మందం 0.063 మిల్లీమీటరు. స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్‌కు సుమారు 8,000 చుట్లు ఉంటాయి. పి-90కి 10,000 చుట్లు. కాయిల్ వెడల్పు, అయస్కాంతాలు అడుగున ఉంటాయి. హంబకర్‌లో రెండు కాయిళ్లు, ఒక్కోదానికి ఐదేసి వేల చుట్లు. చుట్లు పెరిగితే ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటుకు కాయిల్ అడ్డుపడే గుణం) పెరుగుతుంది. స్ట్రాట్ కాయిల్‌ది సుమారు 2.4 హెన్రీలు, మామూలు హంబకర్‌ది 4.4 దాకా, పి-90ది ఇంకా ఎక్కువ. టోన్ విషయంలో చూడవలసిన అంకె ఇది. అమ్మేవాళ్లు దీన్ని చెప్పరు. మల్టీమీటరు పెట్టి "ఎనిమిది కిలో ఓమ్‌లు, మంచి హాట్ పికప్" అంటారు, మనం తలాడిస్తాం.

ఇప్పుడు మిక్సర్ సంగతి. గిటార్ ఆంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే నిరోధం; ఇది తగ్గేకొద్దీ పికప్ మీద బరువు పెరుగుతుంది) 1 మెగా ఓమ్ ఉంటుంది. అంటే పికప్ మీద బరువు దాదాపు పడదు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా 10 నుంచి 20 కిలో ఓమ్‌లే. కీబోర్డుకు అది చాలు, గిటార్‌కు చాలదు. 10 కిలో ఓమ్‌ల బరువు వేసి లెక్క కడితే, హంబకర్‌లో సుమారు 650 హెర్ట్జ్ నుంచే పై స్వరాలు రాలిపోవడం మొదలవుతుంది. సింగిల్ కాయిల్‌లో ఆ గీత సుమారు 1,050 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చర్చిలో మీ సింగిల్ కాయిల్ "కొంత నయం" అనిపించింది ఇందుకే; అది గెలవలేదు, తక్కువ దెబ్బ తిన్నది, అంతే. ట్రెబుల్ నాబ్ ఎంత తిప్పినా, లోపలికి రాని స్వరాన్ని అది ఎక్కడి నుంచి తెస్తుంది?

పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష చేయండి. ఎవరి దగ్గరైనా కోరస్ పెడలో డిలే పెడలో (శబ్దానికి ఎఫెక్టులు కలిపే, కాలితో నొక్కే పెట్టె) అడిగి తెచ్చి, ఆన్ చేసి, గిటార్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టండి. ఎఫెక్ట్ మోతాదు సున్నాకు తగ్గించండి. ఆన్‌లో ఉన్నప్పుడు చాలా పెడళ్ల ఇన్‌పుట్ గిటార్‌కు అనువుగానే ఉంటుంది. తర్వాత మళ్లీ రెండు గిటార్లూ వినండి. ఒక్క షరతు: రెండింటి శబ్దం ఒకే స్థాయిలో ఉండాలి. హంబకర్ సహజంగానే బిగ్గరగా వస్తుంది, బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి తీర్పిచ్చేస్తుంది. నరసాపురంలో మీకు జరిగింది అదేనేమోనని నా అనుమానం.

అప్పుడు మిగిలే తేడాలే అసలైన తేడాలు. ప్రతి పికప్‌కూ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం ఉంటుంది, అక్కడ స్వరం మెరుస్తుంది. ఆ శిఖరం ఎక్కడ ఉండాలన్నది ఇండక్టెన్స్‌తో పాటు మీ కేబుల్ కూడా నిర్ణయిస్తుంది. మామూలు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ (ఇది పెరిగితే శిఖరం కిందికి దిగుతుంది) వేసుకోండి. 6 మీటర్ల కేబుల్‌తో స్ట్రాట్ కాయిల్ శిఖరం సుమారు 3,900 హెర్ట్జ్ దగ్గర, హంబకర్‌ది 2,900 దగ్గర. హంబకర్‌కే 3 మీటర్ల కేబుల్ పెడితే శిఖరం 3,800కు ఎక్కుతుంది. అంటే పొట్టి వైరుతో హంబకర్, పొడవు వైరుతో సింగిల్ కాయిల్ పక్కపక్కనే నిలబడతాయి! "హంబకర్ పుట్టుకతోనే మొద్దు" అనేవాళ్లు ముందు తమ వైరు కొలుచుకుంటే బాగుంటుంది.

అయినా రెండూ ఒకటి కావు. హంబకర్ తీగను రెండు చోట్ల ఒకేసారి వింటుంది, దానివల్ల కొన్ని సన్నని పై స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ప్లెక్ట్రమ్ (తీగ మీటే బిళ్ల) తీగను తాకినప్పుడు వచ్చే ఆ టిక్కు సింగిల్ కాయిల్‌లో స్పష్టంగా, హంబకర్‌లో కాస్త మెత్తబడి వస్తుంది. మీ గిటార్ మీదే పరీక్షించండి. రెండో తీగను వేలితో ఒకసారి, ప్లెక్ట్రమ్‌తో ఒకసారి మీటండి. సింగిల్ కాయిల్‌లో ఇద్దరు మనుషులు వాయించినట్టే ఉంటుంది.

ఇక రొద. మన కరెంటు 50 హెర్ట్జ్, సింగిల్ కాయిల్ దాన్ని యాంటెన్నాలా పట్టుకుంటుంది. ట్యూబులైటు చోకులు, ఫ్యాను రెగ్యులేటర్లు దానికి పైన జుయ్యిమనే పొర ఒకటి చేరుస్తాయి. గిబ్సన్‌లో సేత్ లవర్ 1955లో హంబకర్‌కు పేటెంటు దరఖాస్తు చేసింది కొత్త టోన్ కోసం కాదు, ఈ రొద వదిలించుకోవడానికే. రెండు కాయిళ్లనూ, వాటి అయస్కాంతాలనూ ఎదురెదురుగా అమర్చితే స్వరం కలుస్తుంది, రొద రద్దవుతుంది. మీ గిటార్‌లో కూడా ఈ సుఖం కొంత దాగి ఉండవచ్చు. సెలెక్టర్‌ను మధ్య పికప్, నెక్ పికప్ కలిసే చోట పెట్టండి. రొద ఒక్కసారిగా తగ్గితే మధ్య కాయిల్ తిరగేసి చుట్టినదే. క్లీన్ కార్డులకు నేనైతే అక్కడి నుంచి కదలను.

పి-90 మాటకొస్తే, ఒంటి స్వరాల బిట్లకు అంతకంటే ఇష్టమైన పికప్ నాకు లేదు. కానీ చుట్లు ఎక్కువ, రొద కూడా స్ట్రాట్ కంటే ఎక్కువ. మీ చర్చికి దాన్ని తీసుకెళ్లమని నేను చెప్పను. గిటార్ అమ్మవద్దు.

ఇంకొకటి. హంబకర్ మరీ మందంగా అనిపిస్తే స్క్రూలు తిప్పి కిందికి దించండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగకూ పికప్‌కూ మధ్య 3 మిల్లీమీటర్లు వదలండి. శబ్దం తగ్గుతుంది, తేటదనం పెరుగుతుంది.

తణుకు మైక్‌సెట్:

సోల్డర్ గారి మాటకు కొసరు. మిక్సర్ మీద గిటార్ గుర్తో, "హై-జెడ్" (ఎక్కువ ఇంపెడెన్స్) అన్న బటనో ఉందేమో ముందు చూడండి. ఉంటే ఆ చానెల్లోనే పెట్టండి, పెడల్ కూడా అక్కరలేదు. లేకపోతే యాక్టివ్ డీఐ బాక్సు (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు అనువుగా మార్చే, కరెంటుతో పనిచేసే చిన్న పెట్టె) తీసుకోండి. చవకగా వస్తుందని పాసివ్ (కరెంటు అక్కరలేని) డీఐ కొంటే దాని ఇన్‌పుట్ 150 కిలో ఓమ్‌ల లోపే ఉంటుంది. కీబోర్డుకు ఫరవాలేదు కానీ మీ గిటార్‌కు సగం న్యాయమే.

క్రిస్మస్ సభల్లో జనరేటర్ మీద వాయించేటప్పుడు ఎర్తు చూసుకోండి. తీగలు ముట్టుకుని మైకుకు పెదవి తగిలితే చురుక్కుమన్నదా, వాయించడం ఆపి కిందికి దిగిపోండి. అది టోన్ సమస్య కాదు, ప్రాణ సమస్య.

రాజోలు రిథమ్:

అందరికీ ధన్యవాదాలు. మిక్సర్ మీద హై-జెడ్ బటన్ లేదు. మా ఊళ్లో బేస్ వాయించే తమ్ముడి దగ్గర కోరస్ పెడల్ తెచ్చి, శనివారం ప్రాక్టీసులో పెట్టి చూశాను. బావ హంబకర్ బతికింది! ప్లెక్ట్రమ్ టిక్కు కూడా వినపడింది. తర్వాత 3 మీటర్ల వైరు వేస్తే ఇంకా విప్పారింది. మా అమ్మ వెనక బెంచీలో కూర్చుని విని, ఫరవాలేదన్నది.

అయితే నా గిటార్‌తో కొత్త చిక్కు వచ్చింది. ఇంతకుముందు మిక్సర్ పుణ్యమా అని ఆ జుయ్యిమనే శబ్దం కూడా సగం చచ్చేది. ఇప్పుడు అది కూడా స్పష్టంగా వినిపిస్తోంది. మధ్య, నెక్ పికప్‌లు కలిసే చోట గుయ్యిమనేది పోయింది, జుయ్యిమనేది కొంచెం ఉంది. తీగల మీద చేయి వేస్తే తగ్గుతోంది, తీస్తే వస్తోంది. అది కూడా పికప్‌దేనా?

భీమవరం సోల్డర్:

చేయి వేస్తే తగ్గేది షీల్డింగు లోపం. పికప్‌ను నిందించకండి. వెనక పలక విప్పి, వైర్లు ఉండే గూడు గోడలకు రాగి టేపు అంటించి, దాన్ని వాల్యూమ్ కంట్రోల్ వీపుకు ఒక వైరుతో కలపాలి. టేపు జాక్‌లో సంకేతం వెళ్లే కొసకు (హాట్) తగలకూడదు, తగిలితే గిటార్ మూగబోతుంది. సోల్డరింగు అలవాటు లేకపోతే భీమవరం వచ్చినప్పుడు పట్టుకురండి, టీ తాగేలోపు అయిపోయే పని.

ఈలోగా చర్చిలో మిక్సర్ పెట్టిన ప్లగ్గులో ఎర్తు వస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎలక్ట్రీషియన్‌తో అన్నాను, మీ బావతో కాదు.